ఇల్లు అనగా ఇల్లే

మా రాష్ట్రంలో మంచు మీద ఆడే ఆటలకు ఒక సంచాలక కార్యాలయం ఉందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్లలోనే ఇద్దరు ముగ్గురికి తెలియదు, ఏదో శీతల గిడ్డంగుల శాఖ అనుకుంటున్నారు. పూర్తి పేరు ‘శీతల క్రీడలు మరియు సామాజికోల్లాస సంచాలక కార్యాలయం’. పదకొండేళ్లుగా మేం మూడు నెలలకొకసారి ఢిల్లీకి నిల్ రిపోర్టు పంపుతున్నాం. మంచు: నిల్. మంచు మీద ఆడిన ఆటలు: నిల్. ఆ ఆటల్లో జారిపడినవారు: నిల్. ఈ మూడు నిల్‌లు తయారు చెయ్యడానికి తొమ్మిది మందిమి ఉన్నాం. మా పైన జాయింట్ డైరెక్టరు, మా మాటలో జేడీ, చక్రధరరావు గారు.

నేను అనువాద విభాగం. విభాగమంటే నేనూ, ఒక బీరువా, అందులో నాలుగు నిఘంటువులూ. పేరు సుందరశివం. ఇంగ్లీషులో వచ్చిన ఏ కాగితాన్నయినా ఎవరికీ అర్థంకాని తెలుగులోకి మార్చడంలో నాకు ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది. ఒక్క ఇంగ్లీషు ముక్క మిగల్చను. అది నా పట్టుదల. నా సొంత మాట ఒక్కటి కలపను. అది నా నీతి. ఇప్పుడు చెప్పబోయే గొడవంతా ఆ పట్టుదల వల్ల వచ్చింది.

కిందటి అక్టోబరులో ఢిల్లీ నుంచి ఒక పథకం వచ్చింది. ఉత్తరాది సముదాయాల్లో కర్లింగ్ అనే ఆట ద్వారా శీతాకాల సామాజిక జీవనాన్ని పెంపొందించాలట. సరస్సులు గడ్డకట్టే రాష్ట్రాల కోసం తయారుచేసిన కాగితం, అడ్రసుల జాబితాలో మా పేరు కూడా ఉండడం వల్ల మాకూ వచ్చిపడింది. జేడీ గారు నన్ను పిలిచారు.

“శివం గారూ, ‘నార్తర్న్ కమ్యూనిటీస్’ అంటే ఏమిటి?”

“ఉత్తరాది సముదాయాలు సర్.”

“మనకు ఉత్తరం ఉందా?”

“ఉత్తరం లేనిదెవరికి సర్? మనకు ఉత్తరాంధ్ర ఉంది.”

“మంచు?”

నిఘంటువు తీశాను. ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. నీళ్లు గడ్డకట్టినా మంచే. గడ్డి మీద బొట్టూ మంచే, పొద్దున్నే దారి కనబడకుండా కమ్ముకునేదీ మంచే. నాలుగింటికీ ఒక్క మాటతో సరిపెట్టుకున్న జాతి మనది. కొండల మీద జోడుగెడ్డ అనే మండలం ఉంటే, అక్కడి ఎంపీడీవో సింహాద్రి గారికి ‘మీ ప్రాంతమున మంచు ఉన్నదీ లేనిదీ తెలుపగలరు’ అని రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. కార్తీకం నుంచి మాఘం దాకా రోజూ మంచు కురుస్తుందనీ, పొద్దున్న తొమ్మిదింటిదాకా జీపులు లైట్లు వేసుకుని నడుస్తాయనీ. మందం ఎంత అని జేడీ గారు అడిగించారు. ఎదుటి మనిషి కనబడనంత అని సింహాద్రి గారు తెలియజేశారు.

“అంటే ఆరడుగులకు తక్కువుండదు” అంటూ జేడీ గారు నోట్ చేసుకున్నారు.

పదకొండేళ్ల నిల్ ఆ పూట విరిగింది. ఆఫీసంతా ఉల్లిపాయ పకోడీ తెప్పించుకుని తిన్నాం.

తరవాత మార్గదర్శకాలు వచ్చాయి, పద్నాలుగు అంశాలు. బొమ్మలున్న పుస్తకం విడిగా పంపుతామని అందులో రాశారు. బొమ్మల కోసం ఆగే మనిషిని కాను నేను. పదమూడు అంశాలు వారం రోజుల్లో తెలుగు చేసి పారేశాను. పద్నాలుగోది ఆట అయ్యాక చెయ్యాల్సిన మర్యాదల గురించి కాబట్టి తొందరేముందని పక్కన పెట్టాను. నా అనువాదంలో ముఖ్యభాగం ఇది:

‘కర్లింగ్ అనునది ఇరు జట్లు ఆడు రాళ్ల ఆట. తొలుత నేలపై నీటి చుక్కలు చల్లవలెను. పిడి గల గుండ్రని రాతిని ఇంటివైపు జార్చవలెను. రాతికి ముందు ఇద్దరు చీపుళ్లతో ఊడ్చుచు పోవలెను. ఇంటి నడుమ నుండు గుండీకి ఎవరి రాయి చేరువగా నిలుచునో, ఇల్లు వారిది. చివరి రాయి వేయు జట్టునకు సుత్తి ఉండును. ఇంట్లో నిలబడి కేకలు వేయుటకై ప్రతి జట్టుకు ఒక దాటవేతదారు ఉండవలెను.’

ఆ ఆఖరి మాట దగ్గర రెండు రోజులు తల పట్టుకున్నాను. ఇంగ్లీషులో ‘స్కిప్’ అని ఉంది. స్కిప్ అంటే దాటవేయడం. జట్టు మొత్తానికి దాటవేసేవాడే నాయకుడట. జేడీ గారికి మాత్రం అందులో వింతేమీ కనబడలేదు. “ఈ బాధ్యత నేనే స్వీకరిస్తాను. నాకు అనుభవం ఉంది” అన్నారు.

జోడుగెడ్డ నుంచి సందేహాలు వరస కట్టాయి. ఇల్లు అనగా పక్కా ఇల్లా, పూరిల్లా? రాయి తలుపులోంచి వెళ్లాలా, కిటికీలోంచి వెళ్లాలా? మనుషులు లోపలుండగా వెయ్యవచ్చునా? నేను విసిగిపోయి ఒక వివరణ జారీ చేశాను. ‘ఇల్లు అనగా ఇల్లే. వేరు అర్థము లేదు.’ జేడీ గారు దాని కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. అయినా సందేహాలు ఆగకపోవడంతో నన్ను భాషా పర్యవేక్షకుడిగా జోడుగెడ్డకే తోలారు.

నేను దిగేసరికి సింహాద్రి గారు రాళ్లు పోగుచేస్తున్నారు. మంచి మనిషి, చురుకైనవాడు, పై కాగితంలో ఏముంటే అది చేసేస్తాడు. పిడి ఉన్న గుండ్రని రాయి ఆ ఊళ్లో పదహారు ఇళ్లలో దొరికింది. తిరగలి పైరాయి. చోళ్లు, అదే రాగులు, విసురుకునే తిరగళ్ల పైరాళ్లన్నీ పంచాయతీ ఆఫీసుకు చేరాయి. కిందిరాళ్లు ఇళ్లలోనే ఉండిపోయాయి. పిండిమర ఎనిమిది కిలోమీటర్ల దూరం. మర్నాటి నుంచి ఆ పదహారు ఇళ్లలో అంబలి లేదు.

చీపుళ్లకు లోటు లేదు. ఆ ఊరి బతుకే కొండచీపుళ్లు.

ఇక మిగిలింది ఇల్లు. సిమెంటు వీధికి ఎదురుగా గుమ్మం ఉండాలి, గది పన్నెండు అడుగులుండాలి, నేల నున్నగా ఉండాలి, లోపల ఖాళీగా ఉండాలి. ఇవన్నీ ఉన్న ఇల్లు ఊరికొక్కటే. అది వంతల సోములమ్మది.

సోములమ్మకు యాభై దాటాయి. చీపుళ్లు కట్టి సంతలో అమ్ముకుంటుంది. ఒక్కతే మనిషి, రెండు మేకలు. పాత పాక కూలిపోయాక మూడు చలికాలాలు టార్పాలిన్ కింద పడుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ ఇల్లు కట్టించుకుంది. గచ్చు తనే నెల రోజులు కూర్చుని గులకరాయితో రుద్దింది. ఊళ్లో అందరికంటే నేల నున్నగా పెట్టుకోవడమే ఆమె చేసిన నేరం. బుధవారం గృహప్రవేశం పెట్టుకుంటే సోమవారం మేం వెళ్లాం.

“అభినందనలమ్మా. మీ ఇల్లు ఎంపికైంది” అన్నారు సింహాద్రి గారు.

“దేనికి బాబూ?”

“ఇల్లుగా.”

“మరి ఇన్నాల్లూ ఏటిగుంది?”

“ఇన్నాళ్లూ మామూలు ఇల్లు. ఇప్పుడు నిబంధనల ప్రకారం ఇల్లు. మీరేం భయపడక్కర్లేదు, ఇల్లు మీదే. అందులో మీరు ఉండకూడదు, అంతే.”

సోములమ్మ ఆయన మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. “నానెక్కడ తొంగుంటాను బాబూ? మూడేల్లు ఆ కవరు కింద తొంగున్నాను. మంచుకి దుప్పటి పిండితే నీల్లొస్తన్నాయి. బుదారం పాలు పొంగిత్తానని మా తోటికోడలికి సెప్పీసినాను.”

“మంచుండబట్టే కదమ్మా మీకీ అదృష్టం!” అన్నారు సింహాద్రి గారు. ఆయన వెటకారం చెయ్యలేదు. నిజంగానే అన్నారు.

తలుపుకు సీలు పడింది. సోములమ్మ మళ్లీ టార్పాలిన్ కిందికి చేరింది. లోపల గచ్చు మధ్య అతికించడానికి గుండీ కావలసి వస్తే సింహాద్రి గారు తన చొక్కా పైగుండీ తెంపి ఇచ్చారు. ఆ తరవాత నెలంతా ఆయన ఆ చలిలో మెడ దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగారు.

మర్నాడు పొద్దున్న ఊరి ఆడవాళ్లకు శిక్షణ. నేను నిబంధనలు చదవడం, సింహాద్రి గారు చేయించడం. నీటి చుక్కలు చల్లమన్నాం. కళ్లాపి చల్లారు. చీపుళ్లతో ఊడవమన్నాం. ఊడ్చారు. రాయి పట్టుకుని ఇంటివైపు తొయ్యమన్నాం. సిమెంటు వీధి మీద సబ్బునీళ్లు పోస్తే తిరగలిరాయి బాగానే జారింది. గంట గడిచాక సోములమ్మ చీపురు ఆపి అడిగింది.

“ఆటెప్పుడు మొదలెడతారు బాబూ?”

“ఇదే ఆట” అన్నాను.

“ఇదా?” ఆమె పక్కవాళ్లవైపు తిరిగింది. “ఓలమ్మా, ఇది ఆటంటర్రా! కల్లాపి జల్లి, వాకిలి తుడిసి, రాయి ఇంట్లో పెట్టడం ఆటంట. నాను పుట్టిన కాణ్నుంచీ ఆడతన్నాను, ఆటని తెలక.”

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. నాకు కోపం వచ్చింది. అంతర్జాతీయ క్రీడను అవమానించినట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే నా తెలుగును అవమానించినట్టు అనిపించింది.

పథకంలో రెండో భాగం శీతాకాల సామాజిక జీవనం. జోడుగెడ్డలో అది ఎప్పటినుంచో ఉంది. పొద్దుగూకేసరికి పంచాయతీ ఆఫీసు పక్కన చలిమంట వేసుకుని ఊరంతా చుట్టూ చేరి, చేమదుంపలు కాల్చుకుంటూ ఒకళ్ల మీద ఒకళ్లు వేళాకోళాలాడుకునేవారు. ఇప్పుడు అది పథకం కాబట్టి దానికి ఆరు నుంచి ఏడు అని టైం పెట్టాం. హాజరుకు మొహం ఫొటో తియ్యాలి, మంచులో ఫోను మొహాల్ని గుర్తుపట్టదు. ముచ్చటించవలసిన విషయాల జాబితా ఇచ్చాం. ‘ఉల్లాసము కలిగినదా? అవును / కాదు’ అని వేలిముద్ర వేయించుకున్నాం. ఇక ప్రభుత్వ కార్యక్రమంలో మంట వెయ్యాలంటే అగ్నిమాపక శాఖ అనుమతి ఉండాలి కదా, అది రాలేదు. అందుకని ఎండుకట్టెలు పేర్చి, వెలిగించకుండా, జనాన్ని చుట్టూ కూర్చోబెట్టాం. నాలుగో రోజుకు ఎవరూ రాలేదు. నేనూ, సింహాద్రి గారూ, సోములమ్మా మిగిలాం. సోములమ్మకు వెళ్లడానికి వేరే చోటు లేదు.

“బాబూ, ఆ కాయితంలో ‘ఇల్లు వారిది’ అని సదివినావు గదా” అంది ఆ సాయంత్రం, దుప్పట్లోంచి. “నాను గెలిత్తే నా ఇల్లు నాదేనా?”

సింహాద్రి గారు కాగితం తిప్పి తిప్పి చూశారు. “నిబంధన అలాగే ఉందమ్మా. మీ జట్టు గెలిస్తే మీది. ఆఫీసు జట్టు గెలిస్తే జిల్లా శీతల క్రీడా గృహం. ఇక శాశ్వతం.”

“అయితే ఆడతాను” అంది సోములమ్మ.

ఆ మర్నాటి నుంచి ఆమె నవ్వడం మానేసింది. పొద్దున్నే లేచి, ఒక్కతే, తన మూసిన తలుపు ముందు రాయి జార్చుకుంటూ కనబడేది. ఆమె జట్టులో తోటికోడలితో కలిపి మరో ముగ్గురు ఆడవాళ్లు. ముగ్గురికీ ఉండడానికి ఇళ్లున్నాయి, విసురుకోవడానికి తిరగళ్లే లేవు.

పుష్యమాసంలో ఢిల్లీ నుంచి పరిశీలకుడు సక్సేనా గారు, మా ఆఫీసు నుంచి జేడీ గారు పోటీ చూడడానికి వచ్చారు. సక్సేనా గారి చేతిలో ఒక పుస్తకం, అందులో టిక్కులు పెట్టే పేజీ.

“స్టోన్స్?” అన్నారాయన. తిరగలిరాళ్లు చూపించాం. టిక్కు. “బ్రూమ్స్?” టిక్కు. “హౌస్?” జేడీ గారు సగర్వంగా సీలు తీయించి తలుపు తెరిపించారు. సక్సేనా గారు లోపలికెళ్లి, గోడను వేళ్లతో కొట్టి చూసి, “పక్కా!” అని టిక్కు పెట్టారు. “ఐస్?” అన్నారు. చుట్టూ ఏమీ కనబడటం లేదు. “అంతా మంచే అని చెప్పండి” అన్నారు జేడీ గారు నాతో. మంచు అన్న మాటను నా నిఘంటువు ప్రకారం ఇంగ్లీషు చేశాను. నాలుగో టిక్కు పడింది.

అప్పుడు ఆ పుస్తకం అట్ట చూశాను. మాకు విడిగా పంపుతామన్న పుస్తకం అదే. అట్ట మీద రంగుల బొమ్మ ఉంది. గడ్డకట్టిన నేల మీద ఒకదాని చుట్టూ ఒకటి గీసిన గుండ్రటి గీతలు. లోపల ఒక చిన్న చుక్క. కింద సన్నటి అక్షరాలతో రాసుంది: ది హౌస్.

అది ఇల్లు కాదు. ముగ్గు. వాకిట్లో ఒక ముగ్గేస్తే సరిపోయేది. గుప్పెడు పిండితో, అయిదు నిమిషాల్లో, ఆ ఊళ్లో ఏ ఆడపిల్లయినా వేసేది.

ఒకసారి చూస్తానని ఆ పుస్తకం అడిగి తీసుకుని, జేడీ గారిని పక్కకు తీసుకెళ్లాను. “సర్, పొరపాటైపోయింది. ఇల్లంటే ఇల్లు కాదు సర్. ముగ్గు.”

ఆయన బొమ్మ చూశారు. “ఇల్లు అనగా ఇల్లే అని రాసిందెవరు?”

“నేనే సర్. అందుకే చెబుతున్నా. ఒక సవరణ వేసేద్దాం.”

“శివం గారూ, విషయాన్ని అన్ని కోణాల్లో పరిశీలించాలి. సవరణ వెయ్యాలంటే తప్పు జరిగి ఉండాలి. తప్పు జరిగి ఉంటే చేసినవాడు ఉండాలి. మన కార్యాలయంలో తొమ్మిది పోస్టులు శాంక్షనయ్యాయి. అందులో ఆ పోస్టు లేదు.” పుస్తకం బోర్లా తిప్పి నా చేతికిచ్చారు. “పదండి, మ్యాచ్ టైమైంది.”

నేను వెళ్లాను. ఆ క్షణంలో గట్టిగా అరిచి ఉండవచ్చు. అరవలేదు. ఇరవై ఆరేళ్లు సర్వీసు చేసినవాడికి గొంతు ఎక్కడుంటుందో గుర్తుండదు.

పొద్దున్న ఎనిమిదింటికి ఆట మొదలైంది. వీధి ఈ చివర నిలబడితే ఆ చివరున్న ఇల్లు కనబడదు. రాయి మంచులోకి వెళ్లిపోతుంది, చీపుళ్ల చప్పుడు దూరమవుతుంది, ఇంట్లోంచి జేడీ గారి కేక వినిపిస్తుంది. “ఊడవండి! తక్షణమే ఊడవండి! జాప్యం తగదు!” చివరి రాయి సోములమ్మ జట్టుది కాబట్టి సింహాద్రి గారు ఒక వడ్రంగి సుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. దాంతో ఏం చెయ్యాలని ఆమె అడిగింది. దగ్గర ఉంచుకోమన్నారు. ఆమె దాన్ని కొంగులో దోపుకుని ఆడింది.

రెండు జట్లవీ ఏడేసి రాళ్లు గోడలకు తగిలి ఎటో పోయాయి. ఆఫీసు జట్టు ఎనిమిదో రాయి గుండీకి జానెడు దూరంలో ఆగింది. నేను గుమ్మంలో ఉన్నాను. జేడీ గారు గుండీ వైపు నడుస్తూ బూటుతో దాన్ని మరో బెత్తెడు దగ్గరికి నెట్టారు. నేను చూశాను, సింహాద్రి గారు చూశారు, సోములమ్మ జట్టులో వాళ్లూ చూశారు. మార్గదర్శకాల్లో పదో అంశం నా చేతిలోనే ఉంది. అది చదివాను: ‘ఈ ఆటకు తీర్పరి ఉండడు. కాలుగాని చీపురుగాని రాతికి తగిలినచో, తగిలించినవారే స్వయముగా ఒప్పుకొనవలెను.’

జేడీ గారు అద్దాలు సరిచేసుకున్నారు. “నా బూటుకు రాయి తగిలింది. రాయికి నా బూటు తగల్లేదు. ఈ రెండింటికీ తేడా ఉంది” అన్నారు.

చివరి రాయి సోములమ్మ తోటికోడలు వేసింది. రాయి ముందు సోములమ్మ వంగి ఊడుస్తూ వచ్చింది. మంచులోంచి ముందు చీపురు కనబడింది, తరవాత రాయి, తరవాత ఆమె. రాయి గడప దాటి, ఆమె రుద్దిన గచ్చు మీద నెమ్మదిగా జారి, సరిగ్గా గుండీని కప్పేసి ఆగింది.

బయట ఆడవాళ్లు కేకలు వేశారు. సింహాద్రి గారైతే చొక్కా సంగతి మరచిపోయి రెండు చేతులూ ఎత్తేశారు. ఇల్లు ఆమెదయిపోయింది. ఆ సంతోషం నాకెంత కలిగిందో చెప్పలేను. తప్పు చేసినవాడికి, చెప్పక్కర్లేకుండానే అది సర్దుకుపోతే కలిగే సంతోషం అది.

సోములమ్మ నిటారుగా నిలబడింది. “ఆ రాయి తీసీండి బాబూ” అంది. “గడప కాడ నా సీపురు తగిలీసింది.”

“అమ్మా” సింహాద్రి గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. “ఎవరూ చూళ్లేదమ్మా.”

“నాను సూసినాను గదా.”

తనే వంగి రాయి పక్కకు జరిపింది. జేడీ గారి రాయి మిగిలింది. “ప్రక్రియ సజావుగా ముగిసింది” అని జేడీ గారు ప్రకటించారు. మినిట్స్ పుస్తకంలో గుమాస్తా రాసుకున్నాడు. సోములమ్మ గోడ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, గుమ్మంవైపు నడిచింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నన్ను దాటుకుని వెళ్లాలి.

“నెక్స్ట్ ఏమిటి?” అని సక్సేనా గారు అడిగారు. పద్నాలుగో అంశం మిగిలి ఉంది.

“చదవండి శివం గారూ” అన్నారు జేడీ గారు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. కాని ఇంగ్లీషు కాగితం చదవడం కింది ఉద్యోగి పని అని ఆయన నమ్మకం. సక్సేనా గారికి తెలుగు రాదు. కాగితంలో ఉన్నది ఒక్క వాక్యం. ఆట అయ్యాక గెలిచినవారు ఓడినవారిని క్లబ్బులో కూర్చోబెట్టి ఒక పానీయం ఇప్పించడం ఆనవాయితీ, అంతే.

తప్పు నాదని అక్కడ ఒక్క మాట అనాలి. సోములమ్మ తన ఇల్లు పోతుందని తెలిసి అన్నది, నేను ఇంక్రిమెంటు పోతుందేమో అని అనలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాకు ధైర్యం లేదు. నాకున్నది అనువాదం ఒక్కటే. గొంతు సవరించుకుని చదివాను.

“‘ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారు ఓడినవారిని ఇంట్లో కూర్చుండబెట్టి వేడి పానీయముతో సత్కరించవలెను. ఓడినవారు చాలు అనునంతవరకు వారిని ఇంటినుండి కదల్చరాదు. రాళ్లను ఎవరివి వారికి ఆనాడే చేర్చవలెను.’”

మొదటి వాక్యంలో క్లబ్బు ఇల్లయింది, పానీయం వేడెక్కింది; రెండో వాక్యం, మూడో వాక్యం కాగితంలోనే లేవు. నా సర్వీసులో నేను కలిపిన సొంత మాటలు ఇవే.

“మళ్లీ చదవండి” అన్నారు జేడీ గారు. మళ్లీ చదివాను, అక్షరం మారకుండా. ఆయన తల పంకించారు. “అతిథి మర్యాద మన సంస్కృతిలోనే ఉంది. మినిట్స్‌లో ఎక్కించండి.” గుమాస్తా ఎక్కించాడు. జేడీ గారు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. దాని కింద సక్సేనా గారు ఇంగ్లీషులో పెట్టారు.

సోములమ్మను, మిగతా ముగ్గురినీ వెనక్కి పిలిచి గోడవారగా కూర్చోబెట్టాం. అటెండరు స్టీలు గ్లాసుల్లో అల్లం టీ తెచ్చాడు. తాగాక నిబంధన ప్రకారం జేడీ గారే వంగి అడిగారు. ముగ్గురు ఆడవాళ్లూ ‘చాలు బాబూ’ అని లేచి, తమ తమ తిరగలిరాళ్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

“మీకు చాలా అమ్మా?”

సోములమ్మ గ్లాసు కింద పెట్టింది. నావైపు ఒక్కసారి చూసింది. కాళ్లు బారచాపుకుంది.

“ఇంకా సాల్నేదు” అంది.

జేడీ గారు పదకొండింటిదాకా కూర్చున్నారు. మూడుసార్లు టీ తెప్పించారు, మూడుసార్లు అడిగారు. తరవాత కారెక్కి వెళుతూ, నిబంధన ఉల్లంఘన జరగకుండా చూసుకోమని సింహాద్రి గారికి లిఖితపూర్వకంగా ఇచ్చారు. ఆ రోజే ఎవరో ఆమె మేకల్ని, దుప్పటిని, పాలగిన్నెని లోపలికి చేర్చారు. ఎవరో అని రిపోర్టులో రాశాను గాని, అది నేనే.

ఇప్పుడు మాఘం కూడా అయిపోవచ్చింది. రికార్డుల్లో అది జిల్లా శీతల క్రీడా గృహం. ఢిల్లీలో మా రాష్ట్రం మొదటి వరసలో ఉంది. సోములమ్మ అందులో శాఖ అతిథి. రోజూ సాయంత్రం ఒక ఉద్యోగి టీ పట్టుకెళ్లి, అడగవలసింది అడిగి, జవాబు రిజిస్టరులో రాయాలి. మొదట్లో వంతులు వేశారు. ఆ కొండ మీదికి రావడానికి ఎవరికీ ఇష్టం లేకపోతే, శాశ్వతంగా నాకే వెయ్యమని అర్జీ పెట్టుకున్నాను.

నిన్న సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర కూర్చుని చీపుళ్లు కడుతోంది. గ్లాసు అందిస్తూ చెప్పేశాను. ఇల్లు అని రాసింది నేనేనని, అసలు ఆ మాటకు అర్థం ముగ్గని, తన ఇంటి జోలికి ఎవరూ రావలసిన పనే లేదని.

ఆమె చెయ్యి ఆగింది. “ముగ్గా?”

“ముగ్గమ్మా.”

“వాకిట్లో ముగ్గేత్తే అయిపోనా?”

“అయిపోయేది. తప్పు నాదమ్మా.”

బయట మంచు దిగుతోంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె లేచి, తలుపు దగ్గరగా వేసి, నాకు పీట జరిపింది.

“నువ్వు సెప్పీసినావు గదా, ఇంకేటి. కూకో, సలిగుంది” అంది. గ్లాసులో సగం టీ ఇంకో గ్లాసులోకి వంచి నా ముందు పెట్టింది. తరవాత నా చంకలో ఉన్న రిజిస్టరువైపు చూసింది.

“అడుగు బాబూ. నీ ఉజ్జోగం పోతాది, అడిగీ.”

“చాలా అమ్మా?”

“ఇంకా సాల్నేదు. రాసుకో.”